చన్నీళ్లు తాకని చెయ్యి

పొద్దున ఆరున్నరకల్లా ఇస్త్రీ అక్క బల్ల మీద దుప్పటి పరిచి, ఎడంచేత్తో నీళ్లు చిలకరించి, కుడిచేత్తో ఇస్త్రీ మొదలుపెట్టేది. పెట్టె లేదు, బొగ్గుల్లేవు. కుడి అరచెయ్యే. చొక్కా వెన్ను మీద పైనుంచి కిందికి ఒకసారి నిమిరితే ముడతలు పోయేవి. కాలరుకి బొటనవేలు, గుండీల మధ్య చిటికెనవేలు. వీధిలోవాళ్లు మూటలు తెచ్చి, "సాయంత్రానికి అయిపోతాయా అక్కా?" అని అడిగేవాళ్లేగానీ చెయ్యి సంగతి ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఎదురింటి దర్జీది ఎడంచేతివాటం, ఈవిడది కుడిచేతి వేడి. అంతే.

ఆ వేడి మనసుని బట్టి ఉండేది. మనసు నెమ్మదిగా ఉంటే గోరువెచ్చన, అది పట్టుబట్టలకి సరిపోయేది. నూలుకి మాత్రం కాస్త కోపం కావాలి. అందుకే దుప్పట్లు ఎక్కువగా వచ్చిన రోజున అత్తగారు మంచం మీద నుంచే కోడలికి సాయం చేసేది.

"ఏమే, మీ పుట్టింట్లో నీకు నేర్పింది నిలబడి నిద్రపోవడమేనా?"

"ఇంకొంచెం గట్టిగా అనండి అత్తయ్యా, ఇంకా నాలుగు దుప్పట్లున్నాయి."

"ఒంట్లో ఓపికుండద్దూ? నీళ్లు తాగి అంటాను, ఆగు."

భయం వస్తే మాత్రం ఆ చెయ్యి నిప్పే. అప్పుడది ఆమె మాట వినేది కాదు. కూతురు ఏడాది పిల్లప్పుడు జ్వరంతో కళ్లు తేలేస్తే, భయపడి గబుక్కున ఎత్తుకుంది. నాలుగు వేళ్ల మచ్చ ఇప్పటికీ పిల్ల వీపు మీద ఉంది. పిల్లకిప్పుడు పదేళ్లు. నాకేం గుర్తులేదంటుంది. కానీ బజారుకెళ్లినా బడికెళ్లినా అమ్మకి ఎడంపక్కనే నడుస్తుంది. ఇస్త్రీ అక్క అది చూసీ చూడనట్టు ఉండేది. మూట ఎప్పుడూ కుడిచేతికే తగిలించుకునేది.

ఆ చెయ్యిని ఆమె చన్నీళ్లలో పెట్టదు. పని నేర్పిన మేనత్త చిన్నప్పుడే చెప్పింది: ముంచి వంద లెక్కపెడితే ఆరిపోతుంది, ఇక మళ్లీ రాజుకోదు అని. గిన్నెలు కూడా ఎడంచేత్తోనే తోమేది.

ఇంట్లో పిచ్చుకకన్నా చిన్నవి, ఐదు ఫించ్ పిట్టలుండేవి. లారీ తోలే మొగుడు నెలకి ఆరు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. తను లేని లోటు తీరాలని తెచ్చాడో ఏమో, పంజరంతో సహా దింపి వెళ్లాడు. పిల్ల వాటికి పేర్లు పెట్టుకుంది. మీసాలు, దొరసాని, ఇద్దరు కవలలు, అన్నిటికన్నా చిన్నది గింజ. రోజూ బడినుంచి రాగానే పుస్తకాల సంచి ఒక మూల, పిల్ల పంజరం ముందు.

ఒక మంగళవారం గింజ కర్ర దిగి పంజరం అడుగున కూర్చుంది. ఈకలన్నీ ఉబ్బించుకుని దూదిఉండలా ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ కొట్టుకుంటోంది. మిగతా నాలుగూ దిగి వచ్చి దాన్ని ఆనుకుని కూర్చున్నాయి.

"చూడమ్మా, ఎంత ప్రేమో," అంది పిల్ల.

పశువుల డాక్టరు అలా అనలేదు. గింజని చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇది అంటురోగం," అన్నాడు. "ముందు దీన్ని విడిగా పెట్టండి. పంజరం వేడినీళ్లతో కడగండి. గిన్నెలు వేరు, గింజలు వేరు. ముందు బాగున్నవాటి పని చూసుకుని, చివర్న దీన్ని ముట్టుకోండి. మందు పూటకొక చుక్క. ఒళ్లు మాత్రం చల్లబడకూడదు. బల్బు ఉందా?"

ఇస్త్రీ అక్క కుడిచెయ్యి చాపింది. ఆయన జ్వరం గొట్టం అరచేతిలో పెట్టి చూసి, "మీకెందుకమ్మా బల్బు, ఇలాగే ఉంచండి," అని మందు రాసిచ్చాడు.

అన్నీ చెప్పినట్టే చేసింది. పంజరం కడిగింది, కాగితం మార్చింది, చెప్పుల డబ్బాకి చిల్లులు పెట్టి గింజకి ఇల్లు కట్టింది. మధ్యాహ్నం గింజని అరచేతిలో పెట్టుకుని కూర్చుంటే, పంజరంలో నాలుగూ నీళ్ల కోసం అరిచాయి. డాక్టరు చెప్పిన వరస గుర్తుంది. వేడినీళ్లు పెట్టుకుని చెయ్యి కడుక్కోవాలనీ అనుకుంది. కానీ ముప్పై ఏళ్లుగా నూలుబట్టల్ని లొంగదీసిన చెయ్యి. దీని మీద ఏ రోగం నిలుస్తుంది, మాడి మసైపోదూ, అనుకుంది. అదే చేత్తో నీళ్ల గిన్నె మార్చింది. సాయంత్రం కొర్రగింజలూ అదే చేత్తో పోసింది. మర్నాడూ అంతే.

గురువారం పొద్దున మీసాలు కర్ర మీదినుంచి వెనక్కి వాలి పడిపోయాడు. మందు చుక్క నోట్లో పడేలోపే అయిపోయాడు.

డాక్టరు పంజరాన్ని కాదు, ఆమె అరచేతినే చూశాడు. "పిట్ట కోసం గోరువెచ్చగా ఉంచారు కదా? పురుగు బతికేదే ఆ వేడిలోనమ్మా. మరిగేలా ఉంటే చచ్చేది. మీరు రెండు రోజులు దాన్ని పెంచి, వాటికి వడ్డించారు."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకి అనిపించింది.

ఇంటికొచ్చాక పిల్ల ఏడవలేదు. మీసాలని జేబురుమాల్లో చుట్టి పెరట్లో పూడ్చి వచ్చి, పంజరానికి అడ్డంగా నిలబడింది.

"ఇక ఈ మూడూ నేనే చూసుకుంటాను. నువ్వు ఆ చెయ్యి పెట్టకు."

"పెట్టను తల్లీ."

"నేను గింజని ముట్టుకోను. నువ్వు వీటిని ముట్టుకోకు."

"సరే."

అంత చిన్న పిల్ల అంత పెద్ద మాట అంటే అత్తగారు కసురుకుంటుందేమో అనుకుంది ఇస్త్రీ అక్క. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ రోజునుంచి ఇస్త్రీ ఆగిపోయింది. గింజని కింద పెడితే చాలు, మెడ వాల్చేస్తోంది. దర్జీ ఇంటినుంచి బల్బు తెచ్చి డబ్బాలో వేలాడదీసినా అంతే. వేడినీళ్ల సీసా పెట్టినా అంతే. ఆ అరచేతికే అలవాటుపడిపోయింది. ఆమె కుడిచేతిలో పిట్టతో, ఎడంచేత్తో తింటూ, గోడకి ఆనుకుని కునుకుతీస్తూ గడిపింది. బట్టలు వీధిగుమ్మం దాకా పేరుకున్నాయి. వచ్చినవాళ్లు తొంగి చూసి, "పిట్టకి ఎలా ఉందక్కా?" అని, ముడతల చొక్కాలే తొడుక్కుని పనికి పోయారు.

కష్టమంతా అత్తగారిది. కోడలికి కోపం రాకూడదు, భయం రాకూడదు. ఆవిడ మూడు రోజులు తీయగా మాట్లాడింది.

"అమ్మా కోడలా, కాసిని మంచినీళ్లు తాగుతావా?"

"మీరలా మాట్లాడితే నాకు భయంగా ఉంది అత్తయ్యా."

"చచ్చి నీ కడుపున పుడతాను, ఏం మాట్లాడాలో నువ్వే చెప్పు!"

శనివారం మధ్యాహ్నం గింజ నోరు తెరిచి ఊపిరి పీల్చడం మొదలుపెట్టింది. ప్రతి ఊపిరికీ టిక్కుమని చిన్న చప్పుడు. కాసేపటికి ఆ చప్పుడూ ఆగింది. కళ్ల మీదికి తెల్లటి పొర జారింది.

ఇస్త్రీ అక్కకి ఏడాది పిల్ల కళ్లు గుర్తొచ్చాయి.

వద్దు వద్దనుకుంటుండగానే అరచేతి మధ్యలో చురుక్కుమంది. ఆ మంట ఆమెకి తెలుసు. మణికట్టునుంచి వేళ్ల కొసలకి పాకడానికి ఎంతసేపు పడుతుందో కూడా తెలుసు. పిట్టని ఎడంచేతిలోకి మార్చింది. అది మామూలు చెయ్యి. దాని ఒక్క వెచ్చదనం చాలడం లేదని పిట్ట ఒళ్లే చెబుతోంది. అత్తగారివి వణికే చేతులు. పిల్ల ముట్టుకుంటే ఆ మూడిటికీ అంటుతుంది. రెండో చెయ్యి కావాలి. అదేమో కణకణలాడుతోంది.

లేచి దొడ్లోకి నడిచింది. తొట్టిలో పొద్దున పట్టిన నీళ్లున్నాయి.

"ఏమే!" అత్తగారు మంచం దిగి వచ్చింది. "ఆ చెయ్యిపోతే ఏం చేస్తావే? బట్టలెవరు చేస్తారు? ఇంకేం పని వచ్చు నీకు?"

"ఏదో ఒకటి నేర్చుకుంటాను అత్తయ్యా. మీరు లెక్కపెట్టండి. నాకు తప్పిపోతుంది."

కుడిచెయ్యి మోచేతి దాకా ముంచింది. నీళ్లు చుయ్యిమన్నాయి. దొడ్డంతా ఆవిరి. అత్తగారు ఏడుస్తూనే లెక్కపెట్టింది, ముప్పైతొమ్మిది రెండుసార్లు చెప్పింది. వందకి ఆవిరి ఆగిపోయింది. చెయ్యి బయటికి తీస్తే వేళ్లు నాని, ముడతలుపడి, చలికి వణుకుతున్నాయి. ఆ వేళ్లు వణకడం ఆమె ఎప్పుడూ చూడలేదు. తుడుచుకుని, గింజని రెండు చేతుల మధ్య పెట్టి మూసింది. కుడివైపు మంచులా ఉంది. చాలడం లేదు.

పిల్ల గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. దగ్గరికొచ్చి, అమ్మ చేతుల మీదినుంచి తన రెండు చేతులూ వేసి గట్టిగా పట్టుకుంది.

"పిట్టని ముట్టుకోవడం లేదు," అంది. "నీ చెయ్యే పట్టుకుంటున్నాను. తర్వాత సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటాను."

అమ్మ నెమ్మదిగా కిందికి వాలి కూర్చుంది. గబుక్కున కదిలితే పిల్ల చేతులు తీసేస్తుందేమోనని. ఇద్దరూ అలా తొట్టి పక్కనే ఉండిపోయారు. ఎండ గోడ దిగి నేల మీదికొచ్చింది. కాసేపటికి లోపల ఏదో గీరింది. చిన్న గోరు. తర్వాత, టిక్కుమని కాదు, కీచుమని చప్పుడు.

పదహారు రోజులకి డాక్టరు సరేనన్నాక, పిల్లే డబ్బా మూత తీసి గింజని పంజరంలోకి వదిలింది. దొరసానీ కవలలూ కర్ర మీద ఒకవైపు జరిగి చోటిచ్చాయి. మీసాలు కూర్చునే చోట మాత్రం ఏదీ కూర్చోలేదు.

ఇంట్లోకి ఇస్త్రీపెట్టె వచ్చింది. మొదటి రోజే దర్జీ తెల్లచొక్కా వీపున గోధుమరంగు మచ్చ పడింది. ముప్పై ఏళ్లలో ఆమె కాల్చిన మొదటి బట్ట అది. అత్తగారు అలవాటుకొద్దీ నోరు విప్పి, "ఇక తిట్టినా దండగే కదే," అని మూసుకుంది.

"తిట్టండి అత్తయ్యా. ఇల్లు బోసిగా ఉంది."

ఆ సాయంత్రం కాలిన చొక్కాతో సహా మూట కట్టుకుని, దర్జీకి ఏం చెప్పాలా అనుకుంటూ ఇస్త్రీ అక్క గుమ్మం దిగింది. కుడిచేత్తో ఇస్త్రీపెట్టె లాగి లాగి భుజం నొప్పిగా ఉండి, మూట ఎడంచేతికి తగిలించుకుంది. పిల్ల వెనకే వచ్చి, ఎప్పటిలాగే ఎడంపక్కకి నడిచి, మూటని చూసి ఆగింది. వెనకనుంచి తిరిగి ఇవతలికొచ్చింది.

"ఇటు మూటుంది కదా," అంటూ కుడిచెయ్యి పట్టుకుంది.