పద్నాలుగు బొటనవేళ్లు

బెంచీలు ట్రాక్టరు ఎక్కుతున్నాయి. సింగపూర్‌లో సెంగ్‌కాంగ్ అనే చోట లేస్తున్న కొత్త బ్లాకు పన్నెండో అంతస్తులో, ఇనుప చువ్వల మధ్య కూర్చుని, అన్నం పొట్లం విప్పకుండానే రామన్న ఫోనులో అది చూశాడు. అవి రాగన్నపేట సర్కారు బడి బెంచీలు. చివరి బెంచీని అతని కూతురు కావ్యశ్రీ రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. మండలాఫీసు మనిషి ఆ పిల్లను ఎత్తి పక్కన దింపాడు. నాలుగో తరగతి పిల్ల. ఏడవలేదు. దింపిన చోటే నిలబడి వాడి మొహంలోకి చూసింది.

అవతల ఊళ్లో ఫోను పట్టుకుని చూపిస్తున్నది రామన్న భార్య రజిత. ఆ బడి తల్లిదండ్రుల కమిటీకి ఆమే ఛైర్మన్.

"ఏందే ఇది? ఎవలు తీయమన్నరు?" అన్నాడు రామన్న.

"నువ్వే," అంది రజిత. "నువ్వు, నీతోటి పదమూడు మంది."

యాభై మందిలోపు పిల్లలున్న బళ్లను పక్క ఊరి బడిలో కలపాలని అక్కడి రాష్ట్ర సర్కారు ఆర్డరు తెచ్చింది. కలపడమని పేరు పెట్టారు గానీ, మూయడమే. ఇక రాగన్నపేట పిల్లలు హైవే దాటి నాలుగు కిలోమీటర్లు నడవాలి. మగపిల్లలు నడుస్తారేమో. ఆడపిల్లలను మాత్రం ఆ రోడ్డు మీదికి ఎవరూ పంపరు, పత్తి చేలకు పంపుతారు. కావ్యశ్రీ చదువు నాలుగో తరగతితో సరి.

తల్లిదండ్రుల్లో సగం మందికి పైగా ఒప్పుకుంటేనే మూయాలని ఆ ఆర్డరులోనే ఉంది. రజిత కమిటీ రెండుసార్లు ససేమిరా అంది. దాంతో మండల అధికారి ఒక తెలివైన పని చేశాడు. ఊరి వాట్సాప్ గ్రూపులో బారెడు మెసేజీ పెట్టాడు. బడికి పిల్లలను పంపే ఇరవై ఆరు కుటుంబాల్లో పద్నాలుగు కుటుంబాల తండ్రులు సింగపూర్‌లో ఒకే కాంట్రాక్టరు కింద ఇనుము కడుతున్నారు. పుట్టినరోజైనా, పెళ్లైనా, చావైనా, గ్రూపులో ఏది కనబడినా అన్నం తింటూ బొటనవేలు బొమ్మ నొక్కడం వాళ్లకు అలవాటు. మేమూ ఉన్నామని ఊరికి చెప్పడానికి వాళ్లకున్నది ఆ ఒక్క వేలే. అందరూ నొక్కారు. అధికారి ఆ పద్నాలుగు వేళ్లను ప్రింటు తీసి, ఒప్పుకున్నారని రాసి, ముద్ర కొట్టాడు.

సాయంత్రం డార్మిటరీ గదిలో ఆ మెసేజీని మళ్లీ తెరిచారు. పైన కనబడే నాలుగు వరుసల్లో పిల్లల బంగారు భవిష్యత్తు ఉంది. బడి మూసే మాట కిందెక్కడో ఉంది. మిగతాది చదవడానికి నొక్కాల్సిన చోట ఒక్కడూ నొక్కలేదు. పదో తరగతి చదివిన బాబ్జీ కూడా నొక్కలేదు.

గదిలో అరుపులు మొదలయ్యాయి. నువ్వు చదువుకున్నోడివి గదా అని బాబ్జీ మీద పడ్డారు. పొద్దున్నే పనికి ముందు జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ మీటింగులో సూపర్‌వైజరు ఇచ్చే కాగితం మీరెవరైనా చదివి సంతకం పెడుతున్నారా అని బాబ్జీ ఎదురు తిరిగాడు. రామన్నకు అధికారి మీద ఎంత కోపమో తన వేలి మీదా అంతే.

రజిత ఊరుకోలేదు. ఆడవాళ్లను వెంటబెట్టుకుని మండలాఫీసు గుమ్మంలో రెండు రోజులు కూర్చుంది. తల్లుల మాట లెక్కలోకి రాదని, వేలు నొక్కిన పద్నాలుగు మందీ మీటింగులో, ఫోనులోనైనా సరే, తమ నోటితో కాదంటేనే కాగితం మారుతుందని అధికారి అన్నాడు. ఒక్కడు తగ్గినా పాతదే ఖాయమట. మీటింగు బుధవారం పదకొండింటికి పెట్టాడు. సింగపూర్‌లో అప్పుడు ఒకటిన్నర, భోజనాల టైము దాటి అరగంట. ఆ సంగతి తెలిసే పెట్టాడు, దొంగ.

వాళ్ల సూపర్‌వైజరు విశ్వనాథం తెలుగువాడే, సింగపూర్‌లోనే స్థిరపడి, మాట చివర అక్కడి వాళ్ల 'లా' అంటించుకున్నవాడు. బుధవారం స్లాబు ఉందని, ఇద్దరికైతే పర్మిషన్ ఇస్తానని అన్నాడు.

"పద్నాలుగు మంది ఒకేసారి దిగిపోతే కుదరదు లా. వర్క్ పర్మిట్ క్యాన్సిల్ అయితే నన్నడక్కండి."

ఆ రాత్రి గదిలో బాబ్జీ తల పట్టుకున్నాడు. అతని పర్మిట్ రెన్యువల్ వచ్చే నెలే. తనను వదిలేయమని బతిమాలాడు.

"నిన్ను వదిలేస్తె బడిని వదిలేసినట్టే," అన్నాడు రామన్న. "మనం చదువక ఈడ ఇనుము మోస్తున్నం. నీ బిడ్డ ఏం మోయాలె, చెప్పు?"



బుధవారం ఒకటిన్నరకు పన్నెండో అంతస్తులో కట్టర్ల చప్పుడు ఆగిపోయింది. నినాదాలు లేవు, జెండాలు లేవు. చువ్వల కట్ట మీద ఫోను నిలబెట్టి పద్నాలుగు మంది వరసకట్టారు. ఫోనులో బడి ముంగిట ఊరంతా కూర్చుని ఉంది. ఒక్కొక్కడే హెల్మెట్ తీసి పేరు చెప్పాడు, బిడ్డ పేరు చెప్పాడు, తరగతి చెప్పాడు, మా బడి మూయొద్దన్నాడు. పదమూడు మంది అయ్యేసరికి విశ్వనాథం మెట్లెక్కి వచ్చి బాబ్జీ పక్కనే నిలబడ్డాడు. అటు ఊరంతా బాబ్జీ నోటి వైపే చూస్తోంది.

బాబ్జీ హెల్మెట్ తీశాడు.

"నా బిడ్డ అనన్య, రెండో తరగతి. ఆనాడు చదువకుండ నొక్కిన. ఇయ్యాల తెలిసి చెప్తున్న. మా బడి మూయొద్దు."

అవతల ఆడవాళ్లు అధికారిని కదలనివ్వలేదు. అతను అక్కడే రాసిచ్చాడు. విలీనం జూన్ దాకా వాయిదా, బెంచీలు వాపసు. జూన్‌లో మళ్లీ వస్తానని కూడా అన్నాడు.

మర్నాడు పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో విశ్వనాథం ఎప్పటిలాగే అట్ట, పెన్ను అందించాడు. ఈసారి కాగితం కింద ఇంకో కాగితం ఉంది, ఇంగ్లీషులో. రామన్న పెన్ను పట్టుకుని ఆగాడు.

"చదువుండ్రి సార్."

"రోజూ అడక్కుండానే పెడతావు కదయ్యా."

"గందుకే అడుగుతున్న."

విశ్వనాథం గొంతు తగ్గించి తెలుగులో చదివాడు. రామన్న రెచ్చగొట్టడం వల్లే పని ఆపామని, అతన్ని ఇంటికి పంపడం తమకు సమ్మతమేనని ఉంది అందులో. రామన్న పెన్ను పక్కవాడికి ఇచ్చాడు. వాడు సంతకం పెట్టకుండా ఇంకొకడికి ఇచ్చాడు. పద్నాలుగు చేతులు తిరిగి, వెనక వరసలోని తమిళ వాళ్ల చేతులూ, బంగ్లాదేశీ వాళ్ల చేతులూ తిరిగి, పెన్ను విశ్వనాథం దగ్గరికే వచ్చింది. కాగితం మీద సంతకాల చోటు తెల్లగానే ఉంది.

అయినా కంపెనీ రామన్న పర్మిట్ రద్దు చేసింది. శనివారం చాంగీలో విమానం ఎక్కించారు. ఆదివారం అతను రాగన్నపేట బడిలో, వెనక్కి వచ్చిన బెంచీల మధ్య, రజిత కమిటీతో కలిసి నేల మీద కూర్చున్నాడు. జూన్‌లో అధికారి వచ్చినప్పుడు ఆ బడి నుంచి ఎవరూ లేవకూడదని తీర్మానం రాశారు. కావ్యశ్రీ దాన్ని మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివాకే అందరూ సంతకాలు పెట్టారు.

సెంగ్‌కాంగ్‌లో పది నిమిషాల్లో అయిపోయే టూల్‌బాక్స్ మీటింగుకు ఇప్పుడు నలభై నిమిషాలు పడుతోంది. ఏ కాగితం వచ్చినా, చదువుండ్రి సార్ అని మొదట అడిగేది బాబ్జీ.