రంపానికి రెండో పిడి

టీలో చక్కెర ఒక చెంచానా రెండా, నిన్న అడిగితే ఆ పిల్ల ఏదో చెప్పింది, ఏం చెప్పిందో బెనిగ్నాకి గుర్తు రావడం లేదు, రెండు వేసేస్తే పోయె, వీపున మూటంత సంచీతో దేశాలు తిరిగే ఇలాంటి పిల్లలకి ఒక్క రాత్రి పడక దొరికితే చాలు, ఏం పెట్టినా బాగుందంటారు, ఇంకా లేవలేదు కాబోలు, పొద్దుటి చలి కాళ్ళ కింది జమ్ములోంచి పైకి తంతోంది, ఈ మూల అడుగేస్తే మడమ దిగబడుతోంది, జమ్ము మీద తేలే దీవి ఇది, కొత్త జమ్ము పరవాలి, నాన్న ఉంటే ఇంతదాకా రానిచ్చేవాడా, పైది కుళ్ళకముందే మోపులు మోపులు తెచ్చి పరిచేవాడు, మీలాంటి సోమరిపోతుల్ని నమ్ముకుంటే ఏదో ఒకరోజు అందరం టిటికాకా సరస్సు అడుగున తేలతాం అని తిట్టేవాడు, అడుగున ఎలా తేలతాం నాన్నా అని తమ్ముడు నవ్వేవాడు, ఆ తమ్ముడికిప్పుడు జమ్ము కొయ్యడానికి తీరికెక్కడిది, దీవినే కోసెయ్యాలని తొందర.

అదుగో, అనుకుంటుండగానే వచ్చాడు సిప్రియానో, భుజాన రెండు పిడుల రంపం, వెనకాల వాడి పెళ్ళాం లిడియా, చేతినిండా తాళ్ళు, అంటే ఇవాళేనన్నమాట, పట్టుకో అక్కా అన్నాడు, పట్టనురా అంది, వానలు వెలిసినప్పటినుంచి ఇదే వరస, గుడిసెకొకరు చెరో పిడీ పట్టి కొయ్యాలి, ఒక గుడిసెవాళ్ళు పట్టకపోతే దీవి తెగదు, తాతలనాటి కట్టుబాటు, ఆమె చేతిలో మిగిలింది అదొక్కటే, ఈ మూల పడుంటే చూడొచ్చేవాళ్ళ పడవ ఏదొస్తుందక్కా, రేవు దగ్గరున్న దీవులకి రోజూ జనమే, మనకి దారి తప్పినవాళ్ళు, నా సగం అక్కడికి లాక్కుపోతా, నాకు పిల్లలున్నారు, నీకేం, ఒక్కదానివి, ఎంత తేలిగ్గా అన్నాడు, ఒక్కదాన్ని చేసిందెవర్రా, అమ్మ పోయేనాటికి నీకు ముక్కు తుడుచుకోవడం రాదు, చేపలో ముళ్ళు ఏరి నీ నోట్లో పెడుతూ పెడుతూ నా పెళ్ళి ఊసే మర్చిపోయాను, పొద్దున్నే మొదలెట్టకు వదినా, ఇంట్లో పరాయి పిల్ల ఉంది, అంది లిడియా, ఉంటే ఉండనీ, నా సగం నా సగం అంటున్నావే, ఆ సగం మీద నువ్వొక్క మోపైనా పరిచావా, పరవనిస్తేగా అన్నాడు, నే పరిస్తే వంకర, నువ్వు పరిస్తే తిన్నన.

అప్పుడొచ్చింది ఆ పరాయి పిల్ల మారిట్ గుడిసెలోంచి, నిన్న బెనిగ్నా కట్టించిన ఎర్ర పావడాలోనే, టోపీ వంకరగా పెట్టుకుని, రంపం చూసేసరికి మొహం చాటంత చేసుకుంది, నిన్న పడవ దిగిన వాళ్ళందరి ముందూ బెనిగ్నాయే చూపించిందిగా, బుల్లి జమ్ముదుబ్బు మీద బుల్లి రంపం, గొడవొస్తే ఇట్లా కోసుకుని ఎవరి దారిన వాళ్ళం పోతామని, లిడియాతో ఉత్తుత్తిగా జుట్లు పట్టుకుని మరీ నవ్వించింది, ఇదీ అదేననుకుంది కాబోలు, నేను పట్టనా అంటూ రెండో పిడి పట్టేసుకుంది, వదులమ్మాయ్ అనేలోగా సిప్రియానో అడ్డొచ్చాడు, పట్టనీ అక్కా, నీ గుడిసె మనిషేగా, నిన్న తిండి దగ్గర నువ్వేగా అన్నావ్, ఇక నువ్వు నా కూతురివి అని, అది అందరితో అనేదేరా, అంటే, అబద్ధమా.

రంపం కదిలింది, దుబ్బులు నల్లటి నీళ్ళు కక్కుతున్నాయి, ఆ పిల్ల కిలకిలా నవ్వుతూ ఫోన్ లిడియా చేతికిచ్చింది, అది వీడియో తీస్తోంది కూడా, సిగ్గులేని మొహం, ఇది ఆట కాదమ్మా, నిజంగా కోస్తున్నాం అంది బెనిగ్నా తనకొచ్చిన స్పానిష్‌లో, తెలుసు తెలుసు అని కన్ను గీటింది మారిట్, నిన్నా ఇలాగే అన్నావు, అవును, నిన్న ఇదే మాట అంది బెనిగ్నా, ఇదే గొంతుతో, కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకుంది, చప్పట్లు పడ్డాయి, ఇప్పుడు నిజంగా కుళ్ళికుళ్ళి ఏడ్చినా పడేవి ఆ చప్పట్లే, ఏ మాట చెప్పి నమ్మించాలి, ఉన్న మాటలన్నీ పడవ దిగినవాళ్ళకి ఖర్చు పెట్టేసింది, రంపం చెయ్యంత లోతు దిగిపోయింది, కాళ్ళ కింద ఒక పక్క ఒరిగినట్టయింది, ఇటు నాన్న పరిచిన చోటు, అటు వీడు పాకిన చోటు, మధ్యన ఎవరో పిల్ల సరదా.

బెనిగ్నా వెళ్ళి ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది, తప్పుకో తల్లీ అని తను పిడి పట్టింది, సిప్రియానో ఠక్కున ఆగిపోయాడు, అక్కా అన్నాడు, వాడి గొంతు చిన్నప్పటిలా అయిపోయింది, ఎప్పటికీ పట్టదనే ధైర్యంతోనే ఇన్నాళ్ళూ అడిగాడేమో వెధవ, లాగరా, చూస్తావేం, రంపం వంచకు, తిన్నగా లాగు అంది, తనూ లాగింది, తెగేది ఎలాగూ తెగుతుంది, ఈ ఒక్క పనైనా ఎవరికో చూపించడానికి కాకుండా చెయ్యాలి, వీణ్ణి పెంచిన చేత్తోనే కొయ్యాలి.