లోపలి వడ్డాణం

నేను ఒక సిలికాన్ పట్టీని. తెల్లగా, మెత్తగా, చంటిపిల్ల చేతి మురుగంత ఉంటాను. బియ్యం సంచి మూతికి తాడు బిగించినట్టు నన్ను మనిషి అన్నాశయం పైభాగాన చుట్టి బిగిస్తారు. నా పైన పిడికెడు చోటు మిగులుతుంది. నాలుగు ముద్దలు తినేసరికి అది నిండిపోయి, ఇక చాలు అనిపిస్తుంది. మనిషి సన్నబడతాడు. అదీ నా ఉద్యోగం. బయట పెట్టుకునే వడ్డాణాన్నయితే పదిమందికీ చూపించుకుని మురిసిపోతారు. నన్ను మాత్రం దాచుకుంటారు. ఆ దాచుకోవడంలోనే నా కొంప మునిగింది.

నేను పుట్టింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. ముక్కుకీ మూతికీ గుడ్డలు కట్టుకున్నవాళ్ళు నన్ను పోతపోసి, సాగదీసి, గాలి ఊది, నీళ్ళలో ముంచి నానా పరీక్షలూ పెట్టారు. ఒక్కదాంట్లో తప్పితే ఒట్టు. నాకు తోకలా ఒక సన్నటి గొట్టం, దాని చివర గుండీ లాంటి బిళ్ళ. ఆ బిళ్ళ చర్మం కింద ఉంటుంది. సూదితో అందులోకి ఉప్పునీళ్ళు ఎక్కిస్తే నేను బిగుస్తాను, లాగేస్తే వదులవుతాను. నా పెట్టె మీద 'ఒక్కసారి మాత్రమే వాడవలెను' అని అచ్చేశారు. అంటే బతుకంతా ఒక్క మనిషితోనే అన్నమాట. పెళ్ళి మంత్రాల్లో కూడా ఇంత ఖరాఖండిగా చెప్పరనుకుంటాను.

ఆ ఒక్క మనిషీ ఏలూరు డిపోలో కండక్టరు ఇందుమతి. ఒళ్ళు భారీ, గొంతు అంతకంటే భారీ. ఆవిడ "రైట్ రైట్" అంటే బస్టాండులో పక్క బస్సు కూడా కదిలేదట. కానీ బస్సు కిక్కిరిసిందంటే నడవలో ముందుకు జరగడానికి ఇటు నలుగురు, అటు నలుగురు ఊపిరి బిగపట్టాల్సి వచ్చేది. మోకాళ్ళు అరిగాయి. పైఆఫీసరు "ఎంక్వయిరీ కౌంటర్లో కూర్చోకూడదామ్మా?" అని మంచిగానే అడిగాడు. ఇందుమతికి ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. కౌంటరంటే నాలుగు గోడలు. తనకి బస్సు కావాలి, జనం కావాలి, ఊళ్ళు వెనక్కి వెళ్ళిపోవడం కావాలి. అందుకే విజయవాడలో ఒక క్లినిక్కుకి వెళ్ళింది.

అక్కడి డాక్టరు మాట తేనె. "మీరేం చెయ్యక్కర్లేదమ్మా, అంతా ఇదే చూసుకుంటుంది" అంటూ నా పెట్టె మీద తట్టాడు. నేనెంత పొంగిపోయానో! పొగిడేవాళ్ళని నమ్మకూడదని అప్పటికి నాకెవరూ చెప్పలేదు. పాపం, ఇందుమతికీ చెప్పలేదు.

ఆపరేషన్ సంగతి ముగ్గురికే తెలుసు. ఆవిడకీ, భర్త వీరభద్రానికీ, అక్క చారుమతికీ. ఒళ్ళు తగ్గడానికి కోయించుకుందంటే డిపో అంతా నవ్వుతుందని, గర్భసంచి తీయించుకుందని అందరికీ చెప్పారు. ఆడవాళ్ళ గర్భసంచి గురించి మన దేశంలో ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు కదా!

చారుమతి గురించి చెప్పాలి. పక్క వీధిలోనే ఇల్లు. చెల్లెలి కంటే నాలుగేళ్ళు పెద్ద, ఒళ్ళు మాత్రం అచ్చం చెల్లెలి ఒళ్ళే. ఇద్దరికీ ఒకటే ఆది జాకెట్టు. టైలరుకి ఎవరు బట్టిచ్చినా కొలతకి ఆ జాకెట్టే వెళ్ళేది. పెళ్ళిళ్ళలో ఒకరి పక్కన ఒకరు కూర్చుని, చూసి నవ్వేవాళ్ళని ఇద్దరూ కలిసి తిట్టుకునేవాళ్ళు. ఇందుమతికి ప్రపంచంలో ఒక్క మనిషి మీద నమ్మకముందంటే అది అక్క మీదే.

ఇంటికి పంపించే రోజు ఇందుమతి మందు మత్తులో జోగుతోంది. వీరభద్రం మందుల షాపుకి వెళ్ళాడు. నర్సు వచ్చి చారుమతితో అంది:

"మీరు పేషెంటుకి అక్కగారా? ఇది జాగ్రత్తగా వినండి. ఈ పట్టీ గట్టి తిండిని ఆపుద్ది గానీ, జారిపోయేవాటిని ఆపలేదు. పాయసాలు, జ్యూసులు, ఐస్‌క్రీములు అస్సలు పెట్టకండి. అవి పెడితే ఈ ఆపరేషన్ శుద్ధ దండగ."

"అట్టాగేనమ్మా, నేను చూసుకుంటాగా" అంది చారుమతి.

నేను లోపలినుంచి ప్రతి అక్షరం విన్నాను.

ఇంటికొచ్చిన మర్నాటినుంచీ చుట్టాలు దిగారు. ఆపరేషన్ అయిన మనిషి దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్ళడం మనవాళ్ళకి చేతకాదు. హార్లిక్స్ సీసాలు, బత్తాయి రసాలు, కొబ్బరి బొండాలు. "గర్భసంచి పోయిన మనిషివి, నీరసం, తాగమ్మా" అని దగ్గర కూర్చుని తాగించారు. వద్దంటే ఎందుకో చెప్పాలి. చెబితే గుట్టు రట్టు. తాగేసింది.

అయినా మొదట్లో నేను నా పని బాగానే చేశాను. రెండు ఇడ్లీల దగ్గర ఆపేసేదాన్ని. చెంపలు దిగాయట, నడుము దిగిందట. ఆది జాకెట్టు వేసుకుంటే భుజాలమీదనుంచి జారిపోయింది. చారుమతి దాన్ని మడత పెట్టుకుని, "నువ్వు వేరే కుట్టించుకోవే. ఇది ఇక నా ఒక్కదానికే" అంది. ఇందుమతి పకపకా నవ్వింది. చారుమతి నవ్వలేదు.

ఆ వారంలోనే చారుమతి ఇంటినుంచి కేరియర్ రావడం మొదలైంది.

సగ్గుబియ్యం పాయసం. సేమ్యా పాయసం. వేసవిలో నూజివీడు రసాలు పిండి, పంచదార కలిపి, గిన్నె నిండా. అన్నం ముద్ద నా దగ్గర అడ్డం పడి ఇందుమతి పెరట్లోకి పరిగెత్తి కక్కుకున్నప్పుడల్లా, అక్క వెన్ను రాసేది. "అన్నం దిగట్లేదా తల్లీ? పాయసమైతే దిగుద్ది, తాగు" అనేది. ఎందుకు దిగదు? నా మధ్యనుంచి చల్లగా, తియ్యగా, పంటకాలవలా పారేది. ఎంత బిగుసుకున్నా ఏం లాభం? ఒరే నాయనా, నీళ్ళని తాడుతో కట్టేస్తారా ఎవరైనా!

ఒళ్ళు తిరిగొచ్చింది, వడ్డీతో సహా. ఊళ్ళో ఎవరికీ ఆశ్చర్యం లేదు. "గర్భసంచి తీస్తే ఒళ్ళొచ్చుద్దిగా మరి" అని తల పంకించారు. అబద్ధానికి అంత చక్కగా సాక్ష్యం దొరకడం నేనెక్కడా చూడలేదు. నన్ను బిగింపించుకుందామని క్లినిక్కుకి వెళితే, అక్కడ బట్టతల మీద జుట్టు మొలిపించే ఆస్పత్రి వెలిసింది. తేనె మాటల డాక్టరు ఎటు పోయాడో ఎవరికీ తెలీదు. కక్కి కక్కి నేను నా చోటునుంచి పక్కకి జారాను. అప్పటినుంచి ఇందుమతికి గుండెల్లో మంట, వెల్లకిలా పడుకుంటే దగ్గు. చివరికి ఆవిడ భయపడ్డదే అయ్యింది. ఎంక్వయిరీ కౌంటర్లో కూర్చోబెట్టారు. పొట్టమీద చెయ్యి వేసుకుని, "పనికిమాలిన పట్టీ, నిన్ను నమ్ముకుని చెడ్డాను" అని నన్ను తిట్టేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! నాకు ఏడుపొచ్చేది.

సరిగ్గా అప్పుడే చారుమతి పాత ఆది జాకెట్టు పట్టుకుని వచ్చింది. చెల్లెలికి తొడిగింది. గుండీలు పెట్టి, చుట్టూ తిరిగి చూసి, "ఇదిగో చూశావా! మళ్ళీ మనిద్దరికీ ఒకటే సరిపోయింది" అంది. ఆ గొంతులో సంతోషం నాకు పొట్ట గోడలు దాటి వినిపించింది. ఇందుమతి గుండీలు ఒక్కొక్కటే విప్పింది. తర్వాత "సరిపోయిందిలే" అంది.

మంట భరించలేక విజయవాడలో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అలవాటుగా పక్కన అక్క. ఈ డాక్టరు ఆడమనిషి, తేనె లేదు, ఉన్నదున్నట్టు మాట్లాడింది. నా ఫోటో తీసి చూసి, పట్టీ జారిందమ్మా, తీసెయ్యాల్సిందే అంది.

"తీసేసి ఊరుకోవడం ఒక దారి. తీసేసి, అన్నాశయాన్ని చిన్నది చేసి పేగు దారి మళ్ళించే ఆపరేషన్ చేయించుకోవడం ఇంకో దారి. ఒకసారి కోసిన పొట్ట, లోపల అతుక్కుపోయి ఉంటుంది. మొదటిసారి కంటే ప్రమాదం ఎక్కువే. నేను తొందరపెట్టను. ఇంతకీ ఏం తింటున్నారు మీరు?"

"ఏం తింటానండీ, అన్నం దిగదు. పాయసాలూ రసాలే."

"అవే కదమ్మా తాగకూడనివి! మీకు చెప్పలేదా?"

"ఎవరూ చెప్పలేదండీ."

"చెప్పకుండా ఇంటికి పంపరే. పేషెంటు మత్తులో ఉంటే పక్కనున్నవాళ్ళకైనా చెబుతారు."

చారుమతి చేతిసంచి జిప్పు లాగుతూ, మూస్తూ కూర్చుంది. 

బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాక ఇందుమతి అడిగింది. "ఆ రోజు నా పక్కనున్నది నువ్వే కదక్కా. చెప్పారా నీకు?"

"చెప్పింది. నర్సమ్మ చెప్పింది."

"మరి?"

"మొదట నిజంగానే మర్చిపోయానే. తర్వాత గుర్తొచ్చింది. అప్పటికే నువ్వు సగమైపోయావు. పెళ్ళిలో నీ పక్కన కూర్చుంటే అందరూ నన్నొక్కదాన్నే చూస్తన్నారు. నువ్వట్టా అయిపోతే నేనొక్కదాన్నే మిగిలిపోతాననిపించింది. నీ మీద కోపం కాదే ఇందూ, ఒట్టు."

ఇందుమతి అరవలేదు. బస్టాండుని గడగడలాడించిన గొంతు, చిన్నపిల్లలా "వెన్ను రాశావు కదక్కా" అంది. "కక్కుతుంటే వెన్ను రాసి, మళ్ళీ అదే పోశావు కదక్కా!" కొంగులో ముఖం దాచుకుని ఏడ్చింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారే, అదీ. ఆ ఏడుపుకి నేను లోపల ఎగిరెగిరి పడ్డాను.

కొన్నాళ్ళు ఇందుమతి ఎవర్నీ నమ్మలేదు. డాక్టర్లంటే మోసం, తోడబుట్టినవాళ్ళంటే మోసం. "మళ్ళీ కోయించుకోను. ఎవరి చేతుల్లోనూ కళ్ళు మూసుకుని పడుకోను" అనేది. వీరభద్రం పాపం మంచివాడే గానీ, "నీ ఇష్టం" తప్ప ఇంకో మాట రాదు. పట్టీ తీయించుకుని ఊరుకుందామనే నిశ్చయానికి వచ్చింది. అప్పుడొక పొద్దున కౌంటర్ కిటికీలోంచి తన పాత బస్సు కదులుతుంటే చూసింది. కొత్త కండక్టరమ్మాయి సన్నటి గొంతుతో "రైట్" అంది. డ్రైవరుకి వినపడలేదు. బస్సు కదల్లేదు. ఇందుమతి కుర్చీలోంచే, రెండు చేతులూ కౌంటర్ మీద ఆనించి, "రైట్ రైట్!" అని అరిచింది. బస్సు వెళ్ళిపోయింది. ఆవిడ ఉండిపోయింది. ఆ మధ్యాహ్నమే డాక్టరుకి ఫోన్ చేసి, రెండో దారే కావాలంది.

ఈసారి పక్కన ఎవరినీ ఉంచుకోలేదు. ఏం తినాలో, ఏం తాగకూడదో ఆపరేషనుకి ముందే నర్సుతో చెప్పించుకుంది. తిరిగి అప్పజెప్పింది. తర్వాత డిపోలో టీ వేళ అందరి ముందూ లేచి నిలబడింది.

"ఒళ్ళు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకోబోతున్నా. ఇంతకుముందు చేయించుకున్నదీ అదే. గర్భసంచి కాదు. ఎవరన్నా హార్లిక్స్ పట్టుకొచ్చారో, ఊరుకునేది లేదు."

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఒక పెద్దాయన అనుమానంగా అడిగాడు. "అయితేనమ్మా, గర్భసంచి ఇంకా ఉన్నట్టేనా?" అప్పుడు ఇందుమతే ముందు నవ్వింది. ఆ నవ్వుకి నా గొట్టం ఊగిపోయింది. ఆ నవ్వు నేను కడుపారా విన్నది అదే ఆఖరు.

నన్ను కోసి, విడదీసి, లాగి బయట పడేశారు. చాలా చోట్ల ఆవిడ మాంసం నన్ను వదల్లేదు. అంత తిట్టిన మనిషి లోపల్లోపల నన్ను అంటిపెట్టుకునే ఉంది. ఆవిడ అడిగిందని డాక్టరు నన్ను కడిగి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇచ్చింది. ఇన్నేళ్ళు లోపలున్నాను గానీ, ఇందుమతి ముఖం చూడ్డం అదే మొదలు. గుండ్రటి ముఖం, పెద్ద కళ్ళు. నన్ను వెలుతురుకి ఎత్తి చూసి, "ఇంతేనా నువ్వు?" అంది.

ఇందుమతి ఇంటికి చేరిన సాయంత్రం చారుమతి వచ్చింది. జీవితంలో మొదటిసారి ఒట్టి చేతులతో వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది. ఇందుమతి రమ్మనలేదు, పొమ్మనలేదు. చెయ్యి చాచి డబ్బా అందించింది. "ఇది నీ దగ్గరుండనీ అక్కా" అంది, అంతే.

ఇప్పుడు నేను చారుమతి వంటింటి అలమరాలో, పంచదార డబ్బా పక్కన ఉంటున్నాను. కింద అరలో ఆది జాకెట్టు మడతపెట్టి ఉంది. ఇందుమతి మళ్ళీ బస్సెక్కిందట. ఈ వీధి చివర మలుపులో ఆ గొంతు రోజూ వినిపిస్తుంది. అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకుంటారు. కానీ ఇందుమతి ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా తన సీసాలోవే తాగుతుంది. కేరియర్ గిన్నెలు అటక మీద బోర్లించి ఉన్నాయి.

మొన్న చారుమతి పంచదార తీయబోయి ఆగింది. నా డబ్బా చేతిలోకి తీసుకుని, కొంగుతో తుడిచి, చాలాసేపు చూసింది. కళ్ళనిండా నీళ్ళు. "ఆ నర్సమ్మ చెప్పింది నువ్వూ విన్నావు కదే. దానికి నువ్వన్నా చెప్పలేకపోయావా?" అని నిష్ఠూరమాడింది.

నాకు నోరు లేదు తల్లీ. నీకుంది.