మీ ఇష్టం సార్

ఆ టై ఇక ఉతకడం దేనికి, ఎవరి మెడకు కడుతుంది, శేషుకుమారి స్టీరింగ్ పట్టుకుని కూర్చుందే గాని కారు ఇంకా స్కూలు పార్కింగ్‌లోనే ఉంది, పక్క సీట్లో లిఖిత ఎర్రచారల టై విప్పి, మడతపెట్టి, ఒళ్ళో పెట్టుకుంది, ఎంత చక్కగా మడిచిందో, విసిరికొట్టినా బాగుండేది, పదో తరగతి సగంలో బడి మానిపిస్తే ఎంత తలవంపులు, మానిపించడం కాదట, మీరే తీసుకెళ్ళిపోతే పిల్ల రికార్డు శుభ్రంగా ఉంటుందని ఆ ప్రిన్సిపాల్ ఎంత మెత్తగా చెప్పాడు, ఆయన వెనక గోడ మీద మా బడిలో చదువు మధ్యలో మానేసేవాళ్ళు లేరని పెద్దక్షరాల బోర్డు, ఎందుకుంటారు, ఇలా అమ్మల చేతే బయటికి నడిపిస్తే లెక్కలోకి ఎవరొస్తారు, ఈ మాట అక్కడ అనలేకపోయిందేం, పార్కింగ్‌లో మాత్రం వీరనారి.

ఆలస్యం, మళ్ళీ ఆలస్యం, బడయ్యాక ఉండమని డిటెన్షన్ వేస్తే దానికీ ఉండదు, కారణమడిగితే పెదవి విప్పదు, ఇది ధిక్కారం అని ఆయన ఒక్కొక్కటే చెబుతుంటే తను ప్రతి మాటకీ తలూపింది, అద్దంకిలో నాన్న తనను బళ్ళో చేర్చిన రోజున, కళ్ళు రెండూ వదిలేసి తోలు తీయండి మేష్టారూ, అడిగేవాడు లేడు అన్నాడు, ఆ మాట మీదే పెరిగింది, పంతులు ముందు కుర్చీలో కూర్చోవాలంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది, మీరేమైనా చెబుతారా అని ఆయన అడిగినప్పుడు నోటికొచ్చింది అదొక్కటే, మీ ఇష్టం సార్, వాటెవర్ యూ డిసైడ్ సార్.

ఎందుకాలస్యమో తనకు తెలియదా, తనకు గాక ఎవరికి తెలుసు, మొగుడు ప్రశాంత్ దూరాన గనుల్లో ఉంటాడు, వారాల తరబడి ఈ హారిస్‌డేల్ ఇంటి మొహం చూడడు, వృద్ధుల హోమ్‌లో తన డ్యూటీ తెల్లారకముందే, నిద్రమొహం తమ్ముడు సుమంత్‌ని లేపి, పాలు తాగించి, డేకేర్ తలుపులు తీసేదాకా బయట నిలబడి, వాణ్ణి అప్పగించి బస్సెక్కేది లిఖితే, సాయంత్రం వాణ్ణి తెచ్చేదీ లిఖితే, ఇంక డిటెన్షన్‌కి ఎలా ఉంటుంది, స్కూల్లో ఇవన్నీ చెప్పమాకమ్మా, పిల్లల్ని గాలికొదిలేశారని ఎవరన్నా ఎంక్వయిరీకొస్తే ఈ దేశంలో ఉండిపోడానికి పెట్టుకున్న మన పీఆర్ ఏమైద్ది, ఇంటిగుట్టు లంకకు చేటు, అని వంటింట్లో పిల్ల చెయ్యి పట్టుకుని చెప్పిందెవరు, సరే అమ్మా అంది లిఖిత, అంతే, ఇంకో మాట అడగలేదు.

అమ్మా, కెన్ వీ గో, సుమంత్ విల్ బీ వెయిటింగ్, అంటోంది లిఖిత, గొంతులో కోపం లేదు, కారు కదిలింది, గేటు దగ్గర నీలం టోపీల పిల్లలు దాటుతుంటే బ్రేకు వేసింది, ఆ గదిలో ఆయన కారణమడిగినప్పుడు ఈ పిల్ల తన వైపు తిరిగింది కదూ, పెదవులు కాస్త విడివడ్డాయి కూడా, పొగరుగా చూస్తోందనుకుని తను మొహం తిప్పేసుకుంది, పొగరెక్కడిది, చెప్పనా అమ్మా అని అడిగింది, ఆయన ముందు కళ్ళతోనే అడిగింది, తను ఒక్కసారి తలూపి ఉంటే చాలు, ప్రిన్సిపాల్ ప్రతి మాటకీ ఊపిన తల, పిల్లలంతా దాటిపోయారు, దారి ఖాళీగా ఉంది, కాలు బ్రేకు మీదే ఉండిపోయింది, అమ్మ మాట జవదాటనందుకే ఈ పిల్ల బడి పోగొట్టుకుంది.