మా అబ్బాయి చొక్కా గుండీలు

మా వీధి చివర దర్జీ కొట్టు ముందు ఒక బల్ల ఉంది. దానికి ఒక కాలు పొట్టి, కూర్చుంటే టకటకమని ఊగుతుంది. పదకొండేళ్లుగా పొద్దున్నే పాలపాకెట్టు తెచ్చుకుంటూ దాని మీదే కూలబడతాను. ఊపిరి తీసుకుని, వచ్చేపోయేవాళ్ల సంగతులన్నీ కనుక్కుని గాని ఇంటికి కదలను.

ఒక సోమవారం చూద్దును కదా, కొట్టు తలుపుకి కాగితం అంటించి ఉంది. నెలాఖరుకి మూసేస్తాడట.

"ఏమిటయ్యా ఇది?" అన్నాను.

"అందరూ కుట్టినవే కొనుక్కుంటున్నారు పెద్దమ్మా. మిషను తొక్కి వారమైంది. గోడకేసి చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతోంది. అయినా నా అవసరం ఎవరికుందని?"

యాభై దాటిన మనిషి. ఆ మాటంటూ మెడలో టేపు తీసి, చుట్టచుట్టి, ఏం చెయ్యాలో తోచక మళ్లీ మెడలోనే వేసుకున్నాడు. నాకు మనసు అదోలా అయిపోయింది. ఇంటికి రాగానే, కోడలు స్నానానికి వెళ్లేదాకా ఆగి, మా అబ్బాయి చొక్కాకి రెండు గుండీలు కత్తిరించేశాను.

మర్నాడు ఇంకో చొక్కాకి మూడు. ఆ తర్వాత చెయ్యి ఆగితేనా! ఊడిన గుండీలు నా మందు బిళ్లల డబ్బాలో దాచేదాన్ని. దాన్ని మా ఇంట్లో ఎవరూ ముట్టరు.

"ఇదేం ఖర్మ అత్తయ్యా! ఈ వాషింగ్ మిషను గుండీలు మింగేస్తోంది" అని కోడలు మొత్తుకుంది.

"ముసలిదైపోయింది కదమ్మా, నమల్లేక మింగుతోంది" అన్నాను.

పాపం, మెకానిక్ వచ్చి మిషను విప్పి గంటసేపు వెతికాడు. ఒక్క గుండీ దొరికితే ఒట్టు. మా అబ్బాయి పిన్నీసు పెట్టుకుని ఆఫీసుకి వెళ్లాడు. నేను మాత్రం చొక్కాలు చంకన పెట్టుకుని, "కుట్టించుకొస్తా"నంటూ రోజూ బయలుదేరేదాన్ని.

ఏడో రోజూ ఎప్పట్లాగే దర్జీ ముందు డబ్బా బోర్లించాను. అతను కళ్లజోడు సర్దుకుని ఒకటి పైకెత్తాడు.

"పెద్దమ్మా, దీన్ని కుట్టమంటారా, మింగమంటారా?"

తీరా చూస్తే నా బీపీ బిళ్ల!

అతను చొక్కా తిరగేశాడు. "గుండీ దానంతటది ఊడితే దారం పీచుపీచుగా ఉంటుంది. ఇది కత్తెర పని. అదీ మొండి కత్తెర, గుడ్డ కూడా కొరికింది. పైగా ఊడిన గుండీ ఎవరికైనా దొరుకుతుందా? ఈ వారంలో మీకు పదిహేడుకి పదిహేడూ దొరికాయి!" అని మూలనున్న ప్యాంటు లాగాడు. "ఇదిగో, మేడ మీది మాస్టారిది. మొన్న వదులు చెయ్యమన్నారు, ఇవాళ బిగించమంటున్నారు. రెండు రోజుల్లో చిక్కిపోయారా? అందరూ కలిసి జాలిపడుతున్నారా నా మీద? నెలాఖరు దాకా ఎందుకు, ఇవాళే మూసేస్తాను!"

నాకూ ఒళ్లు మండింది.

"నీ మీద జాలేమిటయ్యా! నా మోకాళ్ల మీద జాలి. నువ్వెళ్లిపోతే ఈ బల్ల ఉంటుందా? నేనెక్కడ కూలబడాలి? ఆ మాస్టారు పెళ్లాంతో పోట్లాడినప్పుడల్లా ఎక్కడికి పారిపోవాలి? ఆవిడ కోపం చల్లారేదాకా నీ దగ్గర కూర్చోడానికి ప్యాంటు ఒక సాకు. నీ అవసరం ఎవరికని అడిగావుగా, చెప్పాను. ఇక మూసుకుంటే మూసుకో!"

కాసేపు నన్నే గుడ్లురిమి చూశాడు. ఆ తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు!

"ఏదీ, ఆ కత్తెర ఇలా ఇవ్వండి."

కోడలి కంట పడకుండా సంచిలోనే పెట్టుకు తిరుగుతున్నాను, తీసిచ్చాను. రాయి మీద పదును పెట్టి తిరిగిచ్చాడు. "ఈసారి గుడ్డ కొరికితే ఊరుకోను" అన్నాడు. లేచి వెళ్లి తలుపు మీది కాగితం పీకి, నాలుగు మడతలు పెట్టి, బల్ల పొట్టి కాలి కింద దోపాడు.

కూర్చున్నాను. ఊగలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త వెలితిగానే అనిపించింది.

మిషను గుండీలు మింగడం మానేసిందని, ఆ మెకానిక్ చెయ్యి మంచిదని కోడలు వీధంతా చెబుతోంది. నేను కాదనలేదు. బిళ్ల వేసుకునేటప్పుడు మాత్రం, కిటికీ దగ్గరికెళ్లి దానికి చిల్లులున్నాయేమో చూసుకుంటున్నాను.