చేతులు కదపని ఆరు వారాలు

రాడోస్తినాకి అరవై రెండేళ్లు. ప్లోవ్‌దివ్ నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో, పిల్లలు భాష ఎలా నేర్చుకుంటారన్న దాని మీదే పరిశోధన చేస్తూ వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. ఆదివారాలు కూడా విభాగంలోని తన గదికే వచ్చి కూర్చునేది. ఇంట్లో పలకరించేవాళ్లు లేరు.

ఆ ఏడు కొత్త నిబంధన పెట్టారు. మనుషుల మీద పరిశోధన చేసేవాళ్లంతా నైతిక శిక్షణ తీసుకుని, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. లేకపోతే కొత్త పనికి అనుమతి ఇవ్వరు. ఈ వయసులో మాకు పరీక్షలేమిటని తోటివాళ్లు విసుక్కున్నారు. ఆమె మాత్రం ఆ రోజే కంప్యూటర్ ముందు కూర్చుంది.

మూడో పాఠంలో ఒక ప్రశ్న వచ్చింది. పిల్లల తరఫున బడి పెద్ద సంతకం చేశాడు, పిల్లల్ని ఎవరూ అడగలేదు, దీన్ని సమ్మతి అనవచ్చా? 'అనకూడదు' అన్నదాని మీద నొక్కింది. సరైన జవాబని ఆకుపచ్చ గుర్తు వచ్చింది. చాలాసేపు ఆమె తర్వాతి ప్రశ్నకి వెళ్లలేకపోయింది.

1984లో, ఇరవై మూడేళ్ల వయసులో, ఆమె ఒక బధిర బాలికల హాస్టల్ బడికి వెళ్లింది. సైగలు మాన్పిస్తే పెదవులు చూసి మాట గ్రహించడం తొందరగా వస్తుందేమోనని, గురువు చెప్పినట్టే, పన్నెండుమందిని ఆరు వారాలు చేతులు కదపనివ్వలేదు. హెడ్‌మాస్టర్ సంతకం పెట్టాడు. ఆ పనితోనే ఆమెకి డాక్టరేటు వచ్చింది, పేరూ వచ్చింది.

ఇప్పటి ఈ పరీక్ష పాసైంది. సర్టిఫికెట్ మాత్రం తీసుకోలేదు. పాత పెట్టెలోంచి పిల్లల జాబితా బయటికి తీసింది. మొదటి పేరు గింకా, అప్పుడు తొమ్మిదేళ్లు. బధిరుల సంఘం ద్వారా ఉత్తరం పంపింది. రమ్మని ఒక్క ముక్క జవాబు వచ్చింది.

గింకా కజన్లుక్ అనే ఊళ్లో బట్టలు కుడుతుంది. రాడోస్తినాకి కుర్చీ చూపించింది కానీ కాఫీ పెట్టలేదు. తల్లి చేతులు చెప్పేది కూతురు నెవ్యానా నోటితో చెప్పింది.

"ఇన్నేళ్లు మా మీద చదువుకున్నారు కదా, మా మాట నేర్చుకోలేదా అని అడుగుతోంది మా అమ్మ."

రాడోస్తినా నేర్చుకోలేదని ఒప్పుకుంది. అప్పుడు ఏం చేసిందో, ఎవరినీ అడక్కుండా ఎలా చేసిందో దాచకుండా చెప్పింది. క్షమించమంది. గింకా కుట్టుమిషన్ వైపు తిరిగి సూది కింద ఉన్న బట్ట పక్కకి తీసింది. తర్వాత ఆమె చేతులు వేగంగా కదిలాయి. నెవ్యానా గొంతు నెమ్మదించింది.

"పక్కమంచం పిల్ల స్తోయెంకా. ఆ ఆరు వారాల్లోనే వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లిపోయాడట. ఎక్కడికెళ్తున్నావని కూడా అడగలేదంటోంది. చేతులు కదిపితే మీరు చూస్తారని."

ఆ పేరు రాడోస్తినా జాబితాలో ఉంది. పక్కన 'మధ్యలో మానేసింది' అని తన చేత్తోనే రాసుకుంది.

"ఆ పరిశోధనలో తను ఉండనని అమ్మ ఇప్పుడు వద్దంటే కుదురుతుందా?" నెవ్యానా అడిగింది.

"కుదురుతుంది."

కూతురు సైగ చేసి చెప్పేదాకా గింకా ఆగలేదు. ఆమె చూపు రాడోస్తినా పెదవుల మీదే ఉంది. వద్దన్నట్టు చేత్తో ఒక్కసారి గాలిని కోసింది. తర్వాత అప్పట్లో తన గురించి రాసుకున్న కాగితాలు తనకి ఇమ్మంది. రాడోస్తినా వెంట తెచ్చిన సంచిలోంచి తీసి ఇచ్చింది. గింకా వాటిని మడిచి సొరుగులో పెట్టి, మళ్లీ కుట్టుపనిలో పడింది. బస్సు టైమయిందని నెవ్యానా గుర్తుచేసింది.

అప్పట్లో ఆ పని గురించి తన వ్యాసం వేసిన పత్రికకి, దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని రాడోస్తినా రాసింది. కొత్త పరిశోధనకి దరఖాస్తు పెట్టలేదు. శరదృతువులో పదవీ విరమణ చేసింది. మిగతా పదకొండు మందిలో ఇప్పటికి నలుగురి జాడ తెలిసింది. ఇద్దరు పోయారు. ఒకామె తలుపు తీయలేదు. నాలుగో ఆమె ఉత్తరానికి జవాబు రావాలి. స్తోయెంకా ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

మంగళవారాలు ఆమె సైగల భాష తరగతికి వెళ్తుంది. వేళ్లు ఒక పట్టాన వంగవు. తరగతి అయ్యాక మిగతావాళ్లు మెట్ల దగ్గర నిలబడి సైగలతోనే కబుర్లు చెప్పుకుంటారు. ఆమె కొంచెం దూరంగా ఆగి ఆ చేతుల్నే చూస్తుంది. సగమే అర్థమవుతుంది.