నికనోర్ చెప్పిన పేజీ

మెరిదా పట్నం నుంచి వచ్చిన జవాబు మూడే వాక్యాలు. ఎర్మెలిందా దాన్ని ఫోన్‌లో చదివి, సంఘం ఆఫీసు గోడకున్న, మధ్యాహ్నపు నిద్రకి ఊయల కట్టుకునే కొక్కెం వైపు చూస్తూ కాసేపు కూర్చుంది. మళ్ళీ చదివింది.

"మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ ఏడు మీ తేనె ఎందుకు నల్లగా ఉందో అందులో నాకెక్కడా కనబడలేదు. శుక్రవారం మధ్యాహ్నం లోపల చెప్పకపోతే ముప్పై ఎనిమిది పీపాలూ వెనక్కి పంపించి, తిష్కోబెన్ పేరు మా జాబితాలోంచి తీసేస్తాను."

పంపింది గ్రిసెల్డా. తేనె కొనే కంపెనీలో నాణ్యత చూసే మనిషి. తన అనుమానమేమిటో మొదటే ఫోన్ చేసి చెప్పింది. చక్కెర పాకం కాచి కలిపారనుకుంటోంది. పరీక్షకు పంపితే తేలడానికి నెల పడుతుంది. సరుకెక్కించుకోవాల్సిన ఓడ అంతవరకు ఆగదు. అందుకే, ఏం జరిగిందో రాసి పంపండి, నమ్మదగ్గట్టుంటే నమ్ముతాను అంది. అంతకన్నా మర్యాద ఏ కంపెనీ చేస్తుంది?

సంఘం రాసి పంపింది. నాలుగు పేజీలు. ఎర్మెలిందా కార్యదర్శి కాబట్టి ఆ నాలుగు పేజీలూ తన చేత్తోనే టైపు చేసింది. ఒక్కో మాట కొడుతున్నప్పుడు పళ్ళు నూరుకుంది కూడా. "మహారాజశ్రీ, బహుగౌరవనీయులైన తమ సముఖమునకు, తిష్కోబెన్ గ్రామ తేనెటీగల పెంపకందార్ల సంఘము వారు సవినయముగా చేసుకొను మనవి ఏమనగా" అని మొదలై, ఆ మనవి ఏమిటో చెప్పకుండానే రెండో పేజీలోకి వెళ్ళింది. రెండో పేజీలో సంఘం పుట్టిన తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, పాలకవర్గం పేర్లు. మూడో పేజీలో గ్రిసెల్డా కుటుంబానికి ఆయురారోగ్యాలు. నాలుగో పేజీలో ఆఖరి పేరాలో, "ఇటీవలి ప్రకృతి వైపరీత్యముల కారణముగా కొన్ని మార్పులు సంభవించి యుండవచ్చును" అని ఒక్క ముక్క. తేనె అన్న మాట ఆ పేరాలో లేదు.

ఆ ఒక్క ముక్కనైనా విప్పి రాద్దామంటే కుదరదు. సంఘానికి ఒక కట్టుబాటుంది. తొమ్మిదేళ్ళ కిందట అప్పటి కార్యదర్శి ఎవరికీ చెప్పకుండా ఉత్తరం రాసి, రెండేళ్ళ తేనె ఒక్క కంపెనీకే ఇస్తామని సంతకం పెట్టి, తను కాంకున్ వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఏ ఉత్తరమైనా సభలో మూడుసార్లు చదవాలి. సభ్యుడెవరు లేచి ఒక మాట చెప్పినా అది ఉత్తరంలో ఎక్కాలి. ఎక్కినదాన్ని కొట్టేయడానికి వీల్లేదు. కొట్టేస్తే ఆ మనిషిని సంఘంలోంచి కొట్టేసినట్టే.

అధ్యక్షుడు ఇలారియో, ఊరంతా గౌరవంగా డాన్ ఇలారియో అంటారు, పంచాయతీ ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి దిగినవాడు. ఉత్తరం మొదలూ చివరా ఆయనవే. మధ్యలోది ఊరిది.

బుధవారం మధ్యాహ్నం నిద్రలు లేచాక సభ కూడింది. నలభై ఒక్కమందిలో ముప్పైమంది దాకా వచ్చారు. ఎర్మెలిందా మెరిదా జవాబు పైకి చదివింది. బయట ఎవరిదో టర్కీ కోడి గొంతు చించుకుంటోంది.

"నాలుగు పేజీలు రాస్తే మూడు ముక్కలా జవాబు?" అన్నాడు డాన్ ఇలారియో, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంటూ. "ఆవిడకి చదువబ్బలేదనుకుంటాను."

"చదివానంటోంది కదా, రెండుసార్లు," అంది ఎర్మెలిందా.

"అయితే మనం ఇంకొంచెం గౌరవంగా రాసుండాల్సింది. 'బహుగౌరవనీయులైన' అని ఊరుకున్నాం. 'అత్యంత' వేసుంటే బాగుండేది."

"డాన్ ఇలారియో, ఆవిడ అడిగింది గౌరవం కాదండీ. తేనె ఎందుకు నల్లబడింది, అదీ."

"అది నాలుగో పేజీలో చెప్పాం కదమ్మా."

గస్పార్ ఉక్ లేచాడు. లేచాడంటే ఒక వాక్యం పెరిగిందన్నమాటే. "నాదో మాట రాయమ్మా. వాళ్ళ కంపెనీ పెద్దాయన పోయిన ఏడు చనిపోయాడు కదా. మనం సంతాపం చెప్పలేదు. బహుశా అందుకే కోపం."

ఎర్మెలిందా రాసుకుంది.

దోన్యా సొకోర్రో లేచింది. భర్త పోయాక ఆయన తేనెపెట్టెలన్నీ తనే చూసుకుంటున్న మనిషి. "తుఫాన్లో నా పెట్టెలు పన్నెండు కొట్టుకుపోయాయి. రాయండి."

"అది మొదటి ఉత్తరంలోనే ఉందక్కా."

"అందులో పదకొండని పడింది. పన్నెండోది బావిలో దొరికింది. ఈగలు లేవు, ఉట్టి పెట్టె."

నవ్వులు లేచాయి. ఎర్మెలిందాకు నవ్వు రాలేదు. ఈ రోజు బుధవారం. ఇలాగే పోతే శుక్రవారానికి ఆరు పేజీలవుతాయి. ఆ ఆరు పేజీల్లో నల్ల తేనె సంగతి ఆరో పేజీ అడుగున ఇంకో ఒంటి ముక్కగా ఉంటుంది. గ్రిసెల్డా దాన్ని మూడోసారి చదవదు. ఆ తర్వాత ఈ ముప్పైమందీ ఇక్కడే కూర్చుని, మనమంత మర్యాదగా రాసినా వాళ్ళకి కనికరం లేదని చెప్పుకుంటారు. అన్నిటికన్నా కడుపు మండేదేమిటంటే, తేనె ఎందుకు నల్లబడిందో ఈ గదిలో అందరికీ తెలుసు. తెలిసిందే కదా, రాయడమెందుకు అన్నది వీళ్ళ లెక్క. రాయడమంటే దండం పెట్టడం. సంగతి చెప్పడం వేరే పని, అది నోటితో, గుమ్మంలో నిలబడి చేసేది.

ఆ ఆలోచన దగ్గర ఆమె ఆగింది. గుమ్మం వైపు చూసింది.

మేనమామ నికనోర్ పూట్ గుమ్మానికి ఆనుకుని నిలబడి, గోళ్ళకంటిన మైనం గీక్కుంటున్నాడు. ఇన్నేళ్ళ సభల్లో ఆయన లేచి చెప్పిన వాక్యం ఒక్కటీ లేదు. కుర్చీలో కూర్చుంటే లేవాల్సి వస్తుందనేమో, ఎప్పుడూ గుమ్మంలోనే ఉంటాడు.

"మామయ్యా," అంది. "నువ్వా రోజు పిండి చల్లావు కదా. ఎందుకు?"

అందరూ అటు తిరిగారు. నికనోర్ తన వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనన్నట్టు చూసుకున్నాడు.

"ఎటు పోతున్నాయో చూద్దామని."

"ఏవి?"

"ఈగలు. ఇంకేవి?"

"మొదటినుంచి చెప్పు. నేను మెరిదా మనిషిననుకో. నాకేం తెలీదు."

"నువ్వు మెరిదా మనిషివైతే నేను చెప్పను. వాళ్ళకి వినే ఓపిక లేదు," అన్నాడు నికనోర్. మళ్ళీ నవ్వులు. ఆమె నవ్వకుండా పెన్ను పట్టుకునుండటం చూసి, గొంతు సవరించుకున్నాడు.

"అక్టోబరు చివర్లో తుఫాను వచ్చింది. మామూలుగా డిసెంబరుకి చేలగట్లన్నీ పసుపు పూలు పూస్తాయి. మన తెల్ల తేనె వాటిదే. ఈసారి ఆ మొక్కలు పడుకున్నచోటే కుళ్ళాయి. ఒక్క పువ్వు లేదు. అయినా నా పెట్టెలు బరువెక్కుతున్నాయి. పూలు లేకుండా ఎలా బరువెక్కుతాయి? అందుకని పొద్దున్నే పెట్టె గుమ్మం దగ్గర కూర్చుని, బయటికి పోయే ఈగల మీద తెల్ల మొక్కజొన్న పిండి చల్లాను. పసుపు పూలకి పోయినప్పుడు ఆరు నిమిషాల్లో తిరిగొస్తాయి. ఇవి ఇరవై నిమిషాలకి గానీ రాలేదు. దూరం పోతున్నాయన్నమాట. ఎగిరింది దక్షిణానికి. అటు ఉన్నది చిత్తడి ఒక్కటే. మోకాలి లోతు నీళ్ళు. దిగాను. గంటన్నర నడిచాక నల్లబెరడు చెట్లున్నాయి. తుఫానుకి ఆకంతా రాలింది, పూత మాత్రం విరగబూసింది. దాని తేనె ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. ఆ పూత మీద ఒక ఈగ వాలుంది. వీపు తెల్లగా ఉంది." ఆగాడు. "నా పిండే."

దోన్యా సొకోర్రో అంతా తెలిసిందే అయినా నోరు కాస్త తెరుచుకుని వింటోంది.

"మరి చక్కెర?" అంది ఎర్మెలిందా, రాయడం ఆపకుండానే. "చక్కెర కలిపామంటున్నారు."

"ఏం చక్కెర? తుఫానుకి పదకొండు రోజులు రోడ్డే లేదు, తర్వాత కూడా కొట్లోకి చక్కెర సరిగ్గా రాలేదు. నేను కాఫీ చేదుగా తాగాను. కొట్టువాణ్ణి అడగమను." మళ్ళీ గోళ్ళ వైపు చూసుకున్నాడు. "నమ్మకపోతే రమ్మను. దారి చూపిస్తాను. బూట్లు తెచ్చుకోమను."

ఎర్మెలిందా ఆఖరి మాట దాకా రాసింది. ఒక పేజీకి నాలుగు వేళ్ళు తక్కువ.

"బాగుంది," అన్నాడు డాన్ ఇలారియో. "దీన్ని ఐదో పేజీలో పెడదాం. కాస్త భాష సరిచేసి. 'నా పిండే' ఏమిటి, పశువుల కాపరిలా. 'మదీయ పిష్టమని గుర్తించితిని' అని రాయి."

"సరిచేయకూడదండీ," అంది ఎర్మెలిందా. "సభ్యుడు చెప్పింది చెప్పినట్టు ఎక్కాలి. కట్టుబాటు మీరు రాసిందే."

డాన్ ఇలారియో టోపీని ఒక మోకాలి మీంచి రెండో మోకాలి మీదకి మార్చాడు.

"ఐదో పేజీ కాదు కూడా," అంది ఆమె. వారం రోజుల చిరాకంతా బయటికొచ్చింది. "ఇది మొదటి పేజీ. ఏది ముందో ఏది వెనకో కట్టుబాటులో లేదు."

"పలకరింపుకి ముందా? కంచె దగ్గర నిలబడి 'ఇంట్లో ఎవరండీ' అనకుండా నేరుగా వంటింట్లోకి దూరినట్టుంటుంది! నీకెవరు నేర్పారమ్మా మర్యాద?"

"మా అమ్మే నేర్పింది. ఇల్లు తగలబడుతుంటే కంచె దగ్గర నిలబడమని మాత్రం చెప్పలేదు."

"డాన్ ఇలారియో," అంది దోన్యా సొకోర్రో, "మొన్న మనం కంచె దగ్గర నాలుగు పేజీల సేపు పిలిచాం. ఆవిడ తలుపు తీసిందా? వెళ్ళనివ్వండి. మీ పలకరింపు వెనకాలే వస్తుంది, పారిపోదు."

వాదన చీకటి పడేదాకా సాగింది. చివరికి, నాలుగు పేజీలూ సంతాపంతో సహా పంపాలన్న షరతు మీద, నికనోర్ చెప్పింది ముందు పెట్టడానికి డాన్ ఇలారియో ఒప్పుకున్నాడు. మూడుసార్లు చదివారు. మూడోసారి కూడా 'నా పిండే' దగ్గర ఆయన మొహం చిట్లించాడు.

గురువారం పొద్దున ఎర్మెలిందా అంతా టైపు చేసి, సంతకాలు చేయించి, పేజీలను వరుసగా ఫోటోలు తీసి పంపించింది. శుక్రవారం పదకొండున్నరకి జవాబు వచ్చింది. ఆఫీసులో ఒక్కతే ఉంది. చేతులు చెమటపట్టి ఫోను తెరుచుకోలేదు. గౌనుకి తుడుచుకుని మళ్ళీ నొక్కింది.

"ఇప్పుడు అర్థమైంది. నికనోర్ చెప్పింది మా వాళ్ళందరికీ చదివి వినిపించాను. పీపాలు ఉంచుకుంటున్నాం, చిత్తడి తేనె అని వేరే పేరు పెడతాం. మార్చిలో బూట్లు తెచ్చుకుంటాను. మిగతా పేజీలు తీరిక దొరికితే చదువుతాను."

ఆమె ఆఖరి వాక్యం ఎవరికీ చదివి వినిపించలేదు. మిగతాది విని ఊరు టపాసులు కాల్చింది. "చూశారా," అన్నాడు డాన్ ఇలారియో. "ఐదు పేజీలు రాశాకగానీ దిగిరాలేదు."

మూడు వారాలకి ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. తేనె తీసే యంత్రం తిరగడం లేదు. కరెంటు ఆఫీసుకి ఉత్తరం రాయాలని సభ కూడింది. డాన్ ఇలారియో చంకలో ఒక కాగితంతో వచ్చాడు. ముత్యాల్లాంటి అక్షరాలు, అంచుల చుట్టూ ఎర్ర సిరాతో గీత.

"ఇకమీదట మన సంఘం ఉత్తరాలన్నిటికీ మొదటి పేజీ ఇదే," అని చదవడం మొదలుపెట్టాడు. "అక్టోబరు చివర్లో తుఫాను వచ్చింది. మామూలుగా డిసెంబరుకి చేలగట్లన్నీ పసుపు పూలు పూస్తాయి..."

సభ చప్పట్లు కొట్టింది. ఎర్మెలిందా కళ్ళు మూసుకుంది.

"డాన్ ఇలారియో, ఇది కరెంటాఫీసుకండీ. వాళ్ళకి తేనెటీగలెందుకు?"

"మెరిదా ఆవిడకి పనిచేసిందా లేదా?"

"చేసింది. ఎందుకంటే ఆవిడ అడిగింది అది."

"మరి వాళ్ళూ వింటారు. అక్కడ అంతమందీ విన్నారన్నావు కదా." వేలు తడిచేసుకుని కాగితం తిప్పాడు. "రెండో పేజీలో పలకరింపు. అత్యంత బహుగౌరవనీయులైన..."

గస్పార్ ఉక్ అప్పుడే లేచి నిలబడ్డాడు.

ట్రాన్స్‌ఫార్మర్ నంబరెంత, ఏ రోజు కాలింది, ఎన్ని ఇళ్ళు చీకట్లో ఉన్నాయి అని ఆమె రెండుసార్లు అడిగింది. అందరికీ తెలిసిందే కదా అన్నారు. మూడోసారి అడగలేదు. ఖాళీ కాగితం ఒకటి తీసుకుని లేచి, కుర్చీల మధ్యనుంచి గుమ్మం దాకా నడిచింది.

నికనోర్ ఆమెను చూసి, పారిపోవడానికి దారుందా అన్నట్టు వీధిలోకి చూశాడు.

"మామయ్యా," అంది, కాగితాన్ని తలుపు చెక్కకి ఆనించి పెన్ను తెరుస్తూ. "కరెంటు పోయినప్పుడు నువ్వేం చేస్తున్నావు?"